కోతి ఊడ్చేసిన ఇసుక

నున్నటి బండ మీంచి తాటిమట్టపై కూర్చుని సర్రున జారడం మొండితోక కోతికి రోజూ ఆట. బండ కిందున్న ఇసుక తగిలి మట్ట మెల్లగా ఆగిపోయేది. ఒకరోజు కోతికి ఒళ్ళు మండింది.

"ఇంత జోరుగా వస్తుంటే నన్నాపడానికి నువ్వెవత్తివే? నా జోరు చూసి నీకు కళ్ళు కుట్టాయి!"

"నీ జోరు నేను కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. నా వెనకున్న నాగజెముడు ఒక్కసారే ఆపేస్తుంది," అంది ఇసుక.

"నాకే చెప్తావా?" అంటూ కోతి చింతకొమ్మతో ఇసుకనంతా వాగులోకి ఊడ్చేసింది. మళ్ళీ బండెక్కి జారింది. ఈసారి నాగజెముడు పొదే ఆపింది.

ఒంటినిండా దిగిన ముళ్ళు పీక్కుంటూ, కోతి వాగు వైపు తిరిగి అరిచింది.

"రోజూ అడ్డొచ్చేదానివి, ఇవాళ ఎక్కడ చచ్చావే?"