కనుమకు తగ్గ టైర్లు

"బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పండి, దాన్ని బట్టి టైర్లు చూపిస్తా," అన్నాడు టైర్ల కొట్టు నుమతా, మోకాళ్ళకు అంటిన మంచు దులుపుకుంటూ.

మిత్సుహో కూతురు కొహరును దగ్గరికి లాక్కుంది. నిజం చెప్పాలంటే, కొండ కనుమ దాటి అవతలి అసహికావా నగరం దాకా అనాలి. పక్క కుర్చీలో అత్తగారు కియోనో కూర్చుని ఉంది.

"బజారు, పాప బడి. అంతే."

"ఆ మాత్రానికి ఇవి చాలు." అన్ని కాలాలకూ పనికొచ్చే చవక టైరును తట్టాడు నుమతా. "మామూలు మంచు మీద పరవాలేదు. గట్టిపడి అద్దంలా మెరుస్తుందే, దాని మీద మాత్రం దేవుడే దిక్కు."

ఆమె భర్త తకమిచి పొద్దున ఇవే కొనమని చెప్పి పంపాడు. ఉల్లిగడ్డల గోదాములో మేనేజరు అతను. పెళ్ళాం మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదు. ఊరంతా మెచ్చుకునే మనిషి. కారు తాళం మాత్రం తన జేబులోనే ఉంటుంది. తల్లి పక్కన కూర్చుంటేనే ఇస్తాడు. సాయంత్రం రాగానే కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరు చూస్తాడు. వేసవిలో ఒకసారి లెక్క తేడా వచ్చింది. దానికి నెల్లాళ్ళు ఆమెను గడప దాటనివ్వలేదు. ఆ ఇంట్లో గట్టిగా ఊపిరి తీసుకోవాలన్నా అడిగి తీసుకోవాలేమో అనిపించేది మిత్సుహోకు.

అసహికావాలో అక్క ఒక గది సిద్ధం చేసి ఉంచింది. సోమవారం అత్తగారు పళ్ళ డాక్టరు గదిలోకి వెళ్ళగానే పాపతో కనుమ ఎక్కెయ్యాలి. దానికి మంచి టైర్లు కావాలి. అడిగితే ఎందుకంటారు, అడగకపోతే కనుమ మీద ప్రాణం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"కనుమ ఎక్కేవాళ్ళు ఏవి వేయించుకుంటారు?" ఉన్నట్టుండి అడిగింది కియోనో.

నుమతా లోపలి వరుసలోంచి ఇంకో టైరు దొర్లించుకొచ్చాడు.

"ఇవిగో, అసలైన మంచు టైర్లు. మెత్తటి రబ్బరు. ఎంత చలికైనా బిగుసుకుపోదు, పట్టు వదలదు. ఈ వయసులో మీకు కనుమెందుకు పెద్దమ్మగారూ?"

"నాకెందుకూ! ఓసారి ఎక్కి బుద్ధి తెచ్చుకున్నా. అప్పుడు మా వాడు చంకలో పిల్లాడు. పుట్టింటివాళ్ళను చూసి వద్దామని బయల్దేరా. రెండో మలుపులో బండి జారి మంచుగుట్టలో కూరుకుపోయింది. మా ఆయన వెతుక్కుంటూ వచ్చి ఇంటికి లాక్కొచ్చాడు. ఆనాటి నుంచి స్టీరింగు ముట్టలేదు." కోడలి వైపు తిరిగింది. "ఈవిడ నడిపే తీరు చూస్తే బజారుకే భయం. నాలుగుకి నాలుగూ అవే వెయ్యి. డబ్బు నా పింఛనులోంచి ఇస్తా."

మాటలు నుమతాతో, చూపు మాత్రం కోడలి మొహం మీద. ముసలావిడ పసిగట్టేసిందనుకుంది మిత్సుహో. ఇంతలో కియోనో ఫోను మోగింది. ఏ టైర్లు కొంటోందో కొడుక్కి చెప్పేసింది.

"చవకవి కొనమంటే వినవేం అమ్మా?" తకమిచి గొంతు అందరికీ వినబడింది.

"మీ నాన్న కూడా ఇలాగే పిసినారి. రేపు నా నడుం విరిగితే నువ్వు మోస్తావా? ఇదిగో, నుమతా ఏదో చెప్తాడట, విను."

నుమతా ఫోను అందుకున్నాడు. "కొత్త బూట్లు కరిచినట్టే తకమిచి గారూ, కొత్త టైర్లు కూడా మొదట్లో మాట వినవు. మెల్లగా రెండొందల కిలోమీటర్లు తిప్పితే మచ్చికవుతాయి. ఇవాళే తిప్పెయ్యమనండి. రేపట్నుంచి తుఫానట, కనుమ కూడా మూసేస్తారట."

మిత్సుహో వేసుకున్న పథకం అక్కడితో సరి. ఇంక సోమవారం లేదు.

ఫోనులో తకమిచి గొణిగాడు. "సరే. అమ్మా, నువ్వు పక్కనుండి తిప్పించు."

"పక్కన ఉండక ఎక్కడికి పోతాన్రా!"

టైర్లు బిగించాక కారు కనుమ వైపు వెళ్ళే పడమటి దారి పట్టింది. ఎటు వెళ్ళాలో కియోనోయే చెప్పింది.

"నానమ్మా, నా బొమ్మ కుందేలేదీ?" వెనక సీట్లోంచి కొహరు అడిగింది.

"డిక్కీలో సంచి పెట్టాగా, అందులో ఉంది. వేడినీళ్ళ స్నానానికి పోతున్నాం కదా, బట్టలతో పాటు పెట్టా."

"కుందేలుకీ స్నానమా?"

"దానికే ముందు."

కొహరు పకపకా నవ్వింది. మిత్సుహోకు నవ్వు రాలేదు. ఒన్నేయు స్నానశాల కనుమకు ముందున్న చివరి మజిలీ. అక్కడ కారు ఆగగానే కియోనో ఒక్క తువ్వాలు భుజాన వేసుకుని దిగింది.

"నేను నీళ్ళలో కూర్చుంటా. నువ్వూ పాపా తిప్పి రండి. వేగం అరవై దాటించకు."

"ఆయన ఫోన్ చేస్తే?"

"నీళ్ళల్లో ఉన్నవాళ్ళు ఫోను ఎత్తుతారా?"

ఇది పరీక్షే అనుకుంది మిత్సుహో. ఆశ పెట్టి చూస్తోంది, కనుమ వైపు తిరిగితే చాలు, కొడుక్కి చెబుతుంది. కళ్ళ ముందు కొండదారి, చేతిలో తాళం. అయినా జైల్లో ఉన్నట్టే ఉంది.

"అత్తయ్యా, బట్టల సంచి మర్చిపోయారు."

"ఉండనీ. వెనక బరువుంటే కొండ మీద బండి నిలబడుతుంది."

"చీకటి పడేలోగా వచ్చేస్తానత్తయ్యా, ఒట్టు!"

కియోనో పక్క అద్దం మీది మంచును చేతి తొడుగుతో తుడిచింది. కిటికీ దగ్గరకు వంగి, పాపకు వినబడకుండా అంది.

"కనుమ ఎక్కిన ఆ రోజు నేనూ తిరిగి రావాలని బయల్దేరలేదు."