యాభయ్యో కారు

అమెరికాలోని లాన్సింగ్ ఊళ్లో ఇంత ఖాళీ స్థలం ఉండి కూడా కారు పెట్టుకోడానికి మాత్రం చోటు దొరకదు.

ఓల్డ్స్‌మొబీల్ కార్ల ఫ్యాక్టరీ కూల్చేశాక ఎకరాలకి ఎకరాలు మిగిలాయి. చుట్టూ కంచె వేసి లోపల గడ్డి పెంచుతున్నారు. గడ్డికి మాత్రం పార్కింగ్ ఇబ్బంది లేదు.

అందుకే ఏడాదికోసారి మునిసిపాలిటీ మైదానంలో జరిగే ఓల్డ్స్‌మొబీల్ కార్ల జాతరలో, గేటు దగ్గర కుర్చీ వేసుక్కూచుని ఎవరు ఎక్కడ ఆపాలో చెప్పే అధికారాన్ని డెల్మర్ హాస్కిన్స్ ఇంకొకరికి వదల్లేదు.

డెల్మర్ ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో వెనక సీట్లు బిగించాడు.

ఆ రోజుల్లో ఎవడికైనా ప్రమోషన్ వస్తే, శనివారానికల్లా వాడింటి ముందు ఓల్డ్స్ ఉండేది. పక్కింటివాడు కుళ్లుకునేంత ఖరీదు, పై ఆఫీసరు కుళ్లుకోనంత చవక. ఏడాదికి పది లక్షల కార్లు అమ్మిన రోజులూ ఉన్నాయి.

తర్వాత కుర్రకారుని పట్టుకుందామని, ఇది మీ నాన్న కారు కాదు అంటూ ప్రకటనలిచ్చారు. నాన్నలు అలిగారు. కొడుకులు జపాన్ కార్లు కొనుక్కున్నారు. రెండువేల నాలుగులో కథ ముగిసింది.

ముగిసిందని డెల్మర్ ఒప్పుకోలేదు.

ఈ ఏడు మునిసిపాలిటీవాళ్లు ఓ షరతు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండుకల్లా యాభై ఓల్డ్స్ కార్లు రాకపోతే, వచ్చే ఏటి నుంచి మైదానం కుక్కల అందాల పోటీకి ఇచ్చేస్తారట.

పదకొండున్నరకి నలభై తొమ్మిది వచ్చాయి.

డెల్మర్ కారు ఉండుంటే లెక్క సరిపోయేది. గేరుబాక్సు పోతే ఆరేళ్ల కిందటే తుక్కుకి వేసేశాడు. ఇప్పుడు నడిపేది కొరియా కారు. దాన్ని రెండు వీధులవతల మందుల షాపు వెనక దాచేసి, ఓల్డ్స్ టోపీ పెట్టుకుని, నడక ఆరోగ్యానికి మంచిదంటూ వస్తాడు.

అప్పుడొచ్చి ఆగింది గేటు ముందు, బూడిదరంగు జపాన్ కారు.

లోపలున్న ముసలాయన అద్దం దించాడు. ఐయోవా రాష్ట్రం నుంచి వస్తున్నామన్నాడు.

"దారి తప్పారు మాస్టారూ," అన్నాడు డెల్మర్. "జపాన్ అటువైపు."

ముసలాయన నవ్వాడు. "ఒకాయన్ని వెతుక్కుంటూ వచ్చానండీ. ఇక్కడ పనిచేసిన..."

"ముందు ఈ బండికి వేరే ఊళ్లో చోటు వెతుక్కోండి. మా పొట్టలు కొట్టిన బండ్లకి ఈ గేటు తెరవం."

"నేను ముందొచ్చాను దారి చూద్దామని. మా ఆవిడ వెనకాల ఇంకో కార్లో..."

"ఆవిడకీ ఇదే మాట చెప్పండి."

పక్క సీట్లో కాగితం సంచీ కనిపించింది. అందులో ఆరు బీరు సీసాలు. మైదానంలో మందు తేకూడదని రూలుంది. డెల్మర్ రూలు చదివి వినిపించాడు.

ముసలాయన సంచీ తీసి అతని చేతిలో పెట్టాడు. "మీ దగ్గరే ఉంచండి. ఇక్కడ పనిచేసినాయన కోసమే తెచ్చాను." కారు వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

నేనూ ఇక్కడ పనిచేసినవాణ్ణేగా అనుకుని డెల్మర్ ఒక సీసా కాఫీ కప్పులో వొంపుకున్నాడు. కప్పుల గురించి రూల్లో ఏమీ రాసిలేదు.

పన్నెండు కొట్టింది. మునిసిపాలిటీ అమ్మాయి వచ్చి రెండుసార్లు లెక్కపెట్టి, నలభై తొమ్మిదని రాసుకుంది. పాపం, సారీ కూడా చెప్పింది.

డెల్మర్ కుర్చీలోంచి లేచాడు.

"రాసుకోమ్మా. ఇది కూడా రాసుకో. వచ్చే ఏడు నడిరోడ్డు మీద పెడతాం. రోడ్డు ఎవడబ్బ సొత్తూ కాదు. నలభై తొమ్మిది కాదు, నాలుగొచ్చినా పెడతాం."

నలభై తొమ్మిది హారన్లు ఒక్కసారి మోగాయి. కుక్కల పోటీకి మైదానం చూసుకోడానికొచ్చినాయన తన కుక్క చెవులు మూశాడు.

ఆ మోతలో ఆర్లీన్ వచ్చింది. అదే ఫ్యాక్టరీలో కార్లకి రంగులేసే చోట పాతికేళ్లు పనిచేసిన మనిషి.

"ఏవయ్యా డెల్మర్, ఆ నీలం ఓల్డ్స్ ఎందుకు రాలేదు?"

"ఏ నీలం ఓల్డ్స్?"

"మూల మీద పెట్రోలు బంకులో ఆగుంది. ఓ పెద్దావిడ నడుపుతోంది. ఎనభై నాలుగు మోడల్, ఆ రంగు నాకు తెలీదా? చెయ్యూపాను, ఆవిడా ఊపింది. ఇంతలో బూడిదరంగు జపాన్ కారొచ్చి ఏదో చెబితే, రెండూ వెనక్కి తిరిగి పోయాయి."

డెల్మర్ కుర్చీ కింది సంచీ పైకి తీశాడు. సీసాల మధ్య ఒక ఫొటో ఉంది. సీటు ఊడదీసిన కారు లోపలి రేకు మీద ఎవరో సుద్దముక్కతో గీకిన రాత.

ఫొటో వెనక పెన్నుతో రాసుంది: "నలభై ఏళ్లయినా మీ బోల్టు కదల్లేదు. విప్పడానికి రెండ్రోజులు పట్టింది."

పేరు లేదు, ఊరు లేదు, ఫోను నంబరూ లేదు.

డెల్మర్ రెండు వీధులు నడిచెళ్లి, కొరియా కారుని అందరూ చూస్తుండగానే గేటు ముందుకి తెచ్చి ఆపాడు. టోపీ తియ్యలేదు. ఎవరూ నవ్వలేదు. ఆర్లీన్ తలుపు తీసుకుని పక్కన కూర్చుంది.

ఇప్పుడు వాళ్లిద్దరూ నాలుగు రోడ్ల కూడలిలో ఆగి ఉన్నారు, వెనక హారన్లు కొడుతున్నారు, ఐయోవాలో బూడిదరంగు జపాన్ కార్లున్న ముసలాళ్లు ఎన్ని వేలమందో నాకు తెలీదు, కాబట్టి బాబ్బాబు, మీకెవరికైనా తోస్తే చెప్పండి, "ఈ సీటు విప్పినవాడు నాకో బీరు పోయించాలి, ఇట్లు డి. హాస్కిన్స్" అన్న రాత చదివి, ఒకటి కాదు ఆరు పోయించడానికి అంత దూరం నుంచి వచ్చినాయన కోసం డెల్మర్ ఏ వైపు తిరగాలి?