రాయి ఇచ్చినవాడి పేరు

"ఏంటిది నరసింహా? ఎవరు చెక్కమన్నారు?"

పార్కులో అడుగుపెడుతూనే దామోదర్‌కి ఒళ్ళు మండిపోయింది. పదింటికి విగ్రహావిష్కరణ. ఇప్పుడు ఎనిమిదిన్నర. బిడ్డ మీదికి వంగి, తన వీపునే అడ్డం పెట్టుకుని కూర్చున్న తల్లి కంచుబొమ్మకి ఇంకా ముసుగు వెయ్యలేదు; అది నిన్న సాయంత్రం ఎలా ఉందో అలాగే ఉంది. దాని కింద నల్లరాయి దిమ్మె మాత్రం నిన్నటిలా లేదు. 'వియత్నాం యుద్ధంలో చనిపోయిన పల్లె ప్రజల స్మృతికి, 1986' అన్న ఒక్క వాక్యం కింద మరో రెండు వరసలు వెలిశాయి. మొదటిది, 'రాయి దాత: నరసింహ గ్రానైట్స్, శాంటా క్లారా'. రెండోది, 'నరసింహ, నళిని, విద్య'.

"నేనే చెక్కించా" అన్నాడు నరసింహ, కాఫీ కప్పు చేతికిస్తూ. "ఒంగోలు నుంచి షిప్‌లో తెప్పించి మరీ ఇచ్చాను గురూ. పేరు కూడా వేసుకోకూడదా? మన గుళ్ళల్లో చూళ్ళేదూ? మెట్టుమెట్టుకీ ఒక పేరుంటుంది. ట్యూబ్‌లైట్ ఇచ్చినవాడు కూడా వెలుతురు రాకుండా పేరు రాయించుకుంటాడు."

"ఇది గుడి కాదయ్యా బాబూ."

"అయితే ఏం? రాయి రాయేగా!"

దామోదర్ కాఫీ కప్పు గడ్డిలో పెట్టేశాడు. "శిల్పం చేసినావిడ పెట్టిన కండిషన్ ఒక్కటే. ఆ పల్లెల్లో పోయినవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టుకోలేదు. అందుకని రాయి మీద ఏ ఒక్కరి పేరూ ఉండకూడదు, ఖాళీగా వదిలెయ్యండి అంది. నేను మాటిచ్చాను."

"ఆవిడ వస్తోందా ఇవాళ?"

"లేదు. హాస్పిటల్‌లో ఉంది."

"మరింకేం!"

గట్టిగా నాలుగు తిట్టాలనిపించింది దామోదర్‌కి. ఓపిక లేకపోయింది. శత్రుదేశం వాళ్ళకి అమెరికాలో బొమ్మేమిటని అడిగినవాళ్ళందరికీ సమాధానం చెప్పీ చెప్పీ, సిటీ హాల్ మీటింగుల్లో కూర్చునీ కూర్చునీ మూడేళ్ళుగా అతని ప్రాణం విసిగిపోయి ఉంది.

"కనీసం ఆ కంపెనీ లైనైనా తీసెయ్. పార్కులో అడ్వర్టైజ్‌మెంట్ కనబడితే సిటీ వాళ్ళు ఫంక్షన్ క్యాన్సిల్ చేస్తారు."

నరసింహ కంగారుపడ్డాడు. "క్యాన్సిలా? ఊరందరికీ ఫోన్ చేసి చెప్పానే! సరే, తీసెయ్. మా ముగ్గురి పేర్లు మాత్రం ముట్టుకోకు. రేపు మా విద్య పెద్దదై, ఇక్కడికొచ్చి చూసుకోవద్దూ?"

"ఉంచుకో. నీ ఇష్టం."

ఆ మాట అన్నందుకు దామోదర్‌కి తన మీద తనకే రోత పుట్టింది. అయినా తనే వెళ్ళి నరసింహ వ్యాన్‌లోంచి నల్ల లప్పం డబ్బా తెచ్చి, మోకాళ్ళు నొప్పెడుతున్నా కింద కూర్చుని, దాత లైను అక్షరం అక్షరం పూడ్చి గుడ్డతో తుడిచాడు. మూడు పేర్లు మిగిలాయి.

ఫంక్షన్‌కి పాతికమంది వచ్చారు. సిటీ నుంచి వచ్చినాయన వాచీ చూసుకుంటూ ఏడు నిమిషాలు మాట్లాడాడు. ముసుగు తీశారు, చప్పట్లు కొట్టారు, కుకీలు తిన్నారు, వెళ్ళిపోయారు. పదకొండుకల్లా పార్కు బోసిపోయింది. దామోదర్ ఒక్కడే కుర్చీలు మడత పెడుతున్నాడు.

ఒకతను మాత్రం కదల్లేదు. నలభై ఏళ్ళుంటాయి. వెలిసిపోయిన మిలిటరీ జాకెట్, మాసిన గడ్డం. దిమ్మె ముందు మోకాళ్ళ మీద కూర్చుని పేర్లను వేలితో తడుముతున్నాడు.

కాస్త దూరంలో నిలబడ్డ నరసింహ ముఖం వెలిగిపోయింది. "చూశావా? పేర్లు లేకపోతే ఎవరు చదివేవాళ్ళు?" అంటూ భార్య నళినిని పిలిచి, ఆమె భుజం మీద నిద్రపోతున్న నాలుగేళ్ళ విద్యని తను ఎత్తుకుని, అతని దగ్గరికి నడిచాడు. మళ్ళీ ఏం కొంప ముంచుతాడో అని దామోదర్ కూడా వెళ్ళాడు.

"రాయి బాగుంది కదూ?" అన్నాడు నరసింహ ఇంగ్లీషులో.

అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అరవై ఎనిమిదిలో మేమొక ఊరు తగలబెట్టాం. ఒక గుడిసెలో ముగ్గురున్నారు. మొగుడు, పెళ్ళాం, ఒక పిల్ల. కాల్చింది నేనే. పేర్లు తెలీవు. క్షమించమని అడుగుదామన్నా ఎవర్ని అడగను? పద్ధెనిమిదేళ్ళు ఇలాగే గడిచాయి." మళ్ళీ రాయి వైపు తిరిగాడు. "వీళ్ళు వాళ్ళేనో కాదో. కానీ మొదటిసారి పేర్లు పెట్టి అడిగాను. నళిని, నన్ను క్షమించు అని అడిగాను."

నళిని ముఖం పాలిపోయింది. భర్త చొక్కా పట్టి లాగింది. "ఏవండీ, చెప్పండి! అవి మన పేర్లని చెప్పండి. నిక్షేపంలాంటి పిల్ల, అపశకునం కాదుటండీ!"

పేర్లు ఉంచనిచ్చిన తప్పు తనది. తనే చెప్పాలి. "సర్, అవి..." అన్నాడు దామోదర్. నరసింహ అతని చెయ్యి గట్టిగా నొక్కాడు.

"మీకు తెలుసా వీళ్ళు?" అని అడిగాడు మిలిటరీ జాకెట్ అతను.

"తెలుసు" అన్నాడు నరసింహ.

"ఈ చివరి పేరు పాపదేనా? ఎన్నేళ్ళు?"

నరసింహ విద్య తలని తన మెడలోకి పొదువుకుని, ఆమె చెవి మీద అరచెయ్యి మూసి, "నాలుగు" అన్నాడు.