పాత రాజు రేకు

పాత రాజు పోయాడు. తెల్లారేసరికి బజారుకి కొత్త రాజు బొమ్మలు అందాలి. నగిషీ పనివాడు పాత రాగిరేకునే ముందేసుకున్నాడు. కిరీటం, రాజదండం, సింహాసనం ఏ రాజుకైనా అవే కదా, ముఖమొక్కటి గీకేసి కొత్తది చెక్కితే సరి!

గీకేసి, పాత ముఖం పూర్తిగా పోయిందో లేదోనని సిరా పూసి, అచ్చు తీసి చూశాడు. ముఖం చోటు తెల్లగానే వచ్చింది. భుజానికి ఆని ఉండాల్సిన రాజదండం మాత్రం, లేవబోతున్నవాడి చేతికర్రలా నేలకి ఆని ఉంది. కాగితం జరిగిందేమోనని విసుక్కుంటూ ఇంకొకటి తీశాడు.

ఈసారి ఖాళీ సింహాసనమే పడింది.

అంతలో వెనక గదిలోంచి భార్య నిద్రమత్తు గొంతు వినిపించింది.

"ఏమండీ, చీకట్లో ఆ కర్ర టకటకలాడిస్తూ పిల్ల మంచం చుట్టూ ఏంటా తిరగడం? వచ్చి పడుకోండి."

పనివాడి రెండు చేతులూ ఇంకా తడి కాగితం మీదే ఉన్నాయి.