వేలెడు పగడం

గేటు బయట సైకిలు ఆపి ఒక పెద్దాయన "అమ్మా, తొట్టి ఇంకా ఉందా?" అని అడిగినప్పుడు లోకేశ్వరి చేతిలో పరీక్ష గొట్టం ఉంది. ఎన్నో చుక్కకి నీళ్ల రంగు మారుతుందో లెక్కపెడుతోంది.

లెక్క తప్పింది.

హాల్లో ఉన్నది నాలుగడుగుల ఉప్పునీటి తొట్టి. అందులో వేళ్లు చాచిన అరచేతిలాంటి పగడం ఒక్కటే, అడుగున నాలుగు నత్తలు. ఆమె భర్త విజయరంగన్ ఎనిమిదేళ్లు పెంచాడు. పొద్దున లేస్తూనే దాని ఆరోగ్యం కనుక్కునేవాడు. లోకేశ్వరి ఆరోగ్యం పండక్కీ పబ్బానికీ కనుక్కునేవాడు.

ఆయన పోయి నాలుగు నెలలైంది.

లైటు వెయ్యగానే ఆ వేళ్ల నిండా సన్నటి చుక్కలు విచ్చుకునేవి. ఇంట్లో ఆమె రాకను గమనించే ప్రాణి అదొక్కటే మిగిలింది.

మూడు వారాలుగా అదీ విచ్చుకోవడం లేదు. ముందు నత్తలు బోర్లా పడ్డాయి, వయసైపోయిందేమో అనుకుంది. తర్వాత పగడం వేళ్లు ఒక్కొక్కటే నల్లబడి రాలసాగాయి.

ముప్పై ఏళ్ల కిందటి బి.ఎస్సీ. కెమిస్ట్రీని బీరువాలో చీర తీసినట్టు మడతలు విప్పి తీసింది. ఉప్పు, క్షారం, కాల్షియం, మెగ్నీషియం, నైట్రేటు. రోజుకి రెండుసార్లు కొలిచింది. అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. అంత మంచి మార్కులు ఆమెకి కాలేజీలోనూ రాలేదు.

పగడం మాత్రం చస్తోంది.

పెద్దాయన తన పేరు దామోదరన్ అన్నాడు, ఉండేది మురుంగపాక్కం అన్నాడు, సారు తనకి తెలుసన్నాడు. మనిషి పోయాక తెలిసినవాళ్లు పెరుగుతారని ఆమె ఈ నాలుగు నెలల్లో నేర్చుకుంది. ఆ తెలిసినవాళ్లలో ఒకాయన స్కూటరుకి బేరం పెట్టాడు, ఇంకొకాయన పుస్తకాల అలమారకి. ఈయన తొట్టికి వచ్చుంటాడనుకుంది.

అయినా లోపలికి రానిచ్చింది.

అంకెలు రాసిన నోటుబుక్కు చూపిస్తే ఆయన దాన్ని తెరవకుండానే పక్కన పెట్టాడు. తొట్టి మీదికి వంగి వాసన చూశాడు. అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

"ఆవిరైపోయే నీళ్లకి మారుగా ఏం పోస్తావు తల్లీ? యాడ పట్టేది?"

"మేం తాగే నీళ్లే."

"ఏ గిన్నెలో?"

ఆ ప్రశ్న ఆమెకి గుచ్చుకుంది. ఆమె గిన్నెల శుభ్రం మీద మాటనే ధైర్యం అత్తగారికే లేకపోయింది.

"గిన్నెల సంగతి నేను చూసుకుంటానయ్యా. వచ్చిన పని ఏంది?"

ఆయన సంచిలోంచి కాగితంలో చుట్టిన బ్లేడు తీశాడు. "ఒక్క వేలు కోసుకోనీయమ్మా. ఇది బతకదు."

నాలుగు నెలల కిందట, ఆస్పత్రి వరండాలో, డాక్టరు కూడా ఇంత మెల్లగానే ఆ మాట చెప్పాడు.

ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది.

సైకిలెక్కుతూ ఆయన, తన ఇల్లు సైకిల్ షాపు పక్క సందులో అని చెప్పాడు. మనసు మారితే ఎప్పుడైనా రమ్మన్నాడు. ఆమె గడియ వేసిన చప్పుడులో సగం మాట వినపడలేదు.

ఆ తర్వాత పది రోజులూ లోకేశ్వరి పొద్దున్నే వేళ్లు లెక్కపెట్టుకుంది. ఏడు. అయిదు. రెండు.

తగ్గేకొద్దీ సేవ పెంచింది. భర్త ఆ తొట్టికి ప్లాస్టిక్ బకెట్టుతో నీళ్లు పోసేవాడు. ఆమెకది మొదటినుంచీ చిన్నతనంగానే ఉండేది. ఆయన పోయినప్పటి నుంచి, ఫిల్టరు నీళ్లని రాత్రంతా రాగిబిందెలో ఉంచి, పొద్దున మొదటి చెంబు పగడానికి, రెండో చెంబు తనకి. ఇప్పుడు ఆ బిందెని రోజూ చింతపండుతో తోమింది కూడా.

పదకొండో రోజు, ఇంకా కొలవనిది ఏముందా అని వెతికితే ఒక్కటే తేలింది. టౌనులో రంగుచేపల అంగడి నుంచి దాన్ని కొలిచే మందు సీసా తెప్పించి, తొట్టి నీళ్లలో చుక్కలు వేసింది.

గొట్టంలో నీళ్లు నీలంగా తిరిగాయి.

కాలేజీలో చేరిన మొదటి నెలలోనే నేర్పే నీలం. రాగి. మనుషులకి మంచిదని పెద్దవాళ్లు చెప్పిన రాగి, నత్తలకీ పగడాలకీ విషం. రోజుకి చెంబెడు చొప్పున, తన చేత్తోనే పోసింది.

ఏడుస్తూ కూర్చోలేదు. మిగిలిన ఒక్క వేలికి కొత్తగా ఉప్పునీళ్లు కలిపింది. స్టీలు టిఫిన్ డబ్బా తీసి, మళ్లీ పెట్టేసింది. లోహాలన్నిటి మీదా ఒకేసారి నమ్మకం పోయింది. ఊరగాయ ఎప్పుడూ పెట్టని కొత్త ప్లాస్టిక్ డబ్బా వెతికి, ఆ వేలిని అందులో వేసుకుని ఆటో ఎక్కింది.

దామోదరన్ ఇంట్లో ముందుగదిలోనే ఒక చిన్న తొట్టి ఉంది. లైటు వెలుగుతోంది, మోటారు తిరుగుతోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. లోపల ఒక్క ప్రాణి లేదు.

"అన్నా," అంటూ ఆమె డబ్బా చాపింది.

ఆయన మూత తీసి వాసన చూశాడు. మూత పెట్టేశాడు. భుజం మీది తుండుతో చేతులు తుడుచుకుని, ముందు కూర్చో తల్లీ అన్నాడు. గిన్నె మాట ఎత్తలేదు.

లోకేశ్వరి కూర్చోలేదు.

"ఇలాంటిది ఇంకొకటి ఎవరి దగ్గరుందో చెప్పన్నా. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. ఎక్కడ తెచ్చారో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు."

దామోదరన్ ఖాళీ తొట్టి వైపు తిరిగాడు. కాఫీ గ్లాసుతో వచ్చిన ఆయన భార్య మునెమ్మ నోరు తెరవబోతే, ఊరుకోమని చెయ్యి ఎత్తాడు.

మునెమ్మ ఊరుకోలేదు.

"ఇంకెవరి దగ్గరుంటుందమ్మా? తుపానుకి మూడు దినాలు కరెంటు లేక మాది చచ్చిపాయ. ఎనిమిదేండ్ల నాడు మీ సారు వచ్చి అడిగితే ఈయన సగానికి కోసిచ్చినాడే, అదొక్కటే మిగిలుండె."