మన పిల్ల

"బెల్‌గ్రేడ్ వాళ్ళు మన పిల్లకి ఎన్ని మార్కులిస్తారంటావ్, రద్మిలా?" కాఫీ పోస్తూ అడిగాను.

"పన్నెండుకి పన్నెండూ! చిన్నప్పుడు దానికి పాట నేర్పింది నేను. నీ గొంతు వచ్చుంటే సారయెవోలో కాకులన్నీ లేచిపోయేవి," అంది ఎదురింటి రద్మిల. ఆమె సెర్బు జాతి, మేం బోస్నియా ముస్లింలం; ఆ తేడా మా మధ్య ఎప్పుడూ రాలేదు.

టీవీలో మా అమ్మాయి సెనిద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. యూరప్ పాటల పోటీకి యుగోస్లావియా తరఫున ఎవరు వెళ్ళాలో ఇప్పుడే తేలుతుంది. సెనిదే ముందుంది. ఇక రెండు ఊళ్ళ మార్కులే మిగిలాయి.

జాగ్రెబ్ వాళ్ళు పన్నెండూ తమ ఊరి అబ్బాయికే ఇచ్చారు. సెనిదకు సున్నా.

"ఏడుపుగొట్టు మొహాలు!" అంది రద్మిల.

బెల్‌గ్రేడ్ వాళ్ళు కూడా తమ ఊరి సెర్బు పిల్లకే పన్నెండూ ఇచ్చారు. సెనిదకు మళ్ళీ సున్నా. బెల్‌గ్రేడ్ పిల్ల గెలిచింది.

వాళ్ళనీ తిడుతుందని రద్మిల వైపు చూశాను. ఆమె చప్పట్లు కొడుతోంది. నన్ను చూసి చేతులు ఒళ్ళోకి దించుకుంది.

"మీ పిల్ల కూడా బాగానే పాడింది."

సెనిద పుట్టినప్పటి నుంచీ ఆమె నోట "మన పిల్ల" అనే విన్నాను.

"కాఫీ తాగవా?"

"మావాళ్ళు ఎదురుచూస్తుంటారు," అంటూ లేచింది.

భర్త పోయాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంటోంది.

గుమ్మం దాకా వెళ్ళాను. ఏం అడగబోతున్నానో నాకే తెలియలేదు.

"రద్మిలా, మా ఇంటి రెండో తాళంచెవి నీ దగ్గరే ఉంది కదూ?"

ఎందుకని ఆమె అడగలేదు. గుత్తిలోంచి తీసి నా చేతిలో పెట్టింది.