ఒప్పుకుంటేనే పేరు

వ్యాను వచ్చేసరికి పెరట్లో ఇద్దరు మగాళ్లు మట్టిలో దొర్లుతున్నారు. ఒకడు రెండోవాణ్ణి వెల్లకిలా పడేసి గుండెల మీద కూర్చున్నాడు. కిందివాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. గుమ్మంలో ముసలి తల్లి. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

మత్తు మాన్పించే చెమా మనుషులు దిగి పైవాణ్ణి లాగారు. నోరు తెరిచేలోపు గుడ్డ కుక్కారు. మాటలు వింటూ కూర్చుంటే ఏ మత్తుగాణ్ణీ తీసుకుపోలేరు.

"వదలండయ్యా నా బిడ్డని!" తల్లి వెంటపడింది.

"ఇప్పుడిలాగే అంటావమ్మా. తర్వాత మా కాళ్లకి దణ్ణం పెడతావు."

కిందివాడికి మంచినీళ్లు తాగించి, భుజం తట్టి, వ్యానెక్కారు.

ఇంట్లోవాళ్లు పిలిస్తే మనిషిని ఎత్తుకుపోయి తాళమేసే ఇల్లు చెమాది. గుడ్డ తీశాక కొత్తవాడు మొదట అన్న మాట: "చెమా గారూ, నేను చెప్పేది వినండి."

"చూశారా, నా పేరు కూడా తెలుసు వెధవకి! ఈ ఊళ్లో క్రిస్టల్ మత్తు పీల్చే ప్రతివాడికీ తెలుసు."

బెంచీల మీదున్నవాళ్లు ఈలలేశారు.

"నాకా అలవాటే లేదు. అమ్మ ఒక్కతే ఉంది, ఇంటికి పోనివ్వండి."

"అమ్మ గుర్తొచ్చిందిరా! ఆవిడ కుట్టుమిషన్ అమ్మేసినప్పుడు గుర్తులేదా? గ్యాస్‌బండ మోసుకుపోయినప్పుడు? ఫోన్ చేసినవాళ్లు అంతా చెప్పార్లే."

కొత్తవాడు ఇంకా ఏదో చెప్పబోయాడు. ఈలల్లో ఎవరికీ వినపడలేదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఒప్పుకునేదాకా పేరుండదు. వేదికెక్కి, పేరు చెప్పి, చేసిన పాపాలన్నీ కక్కాలి. కక్కినవాడికే తల్లి ముఖం చూసే భాగ్యం. కక్కనివాడికి బూతులు, పలచటి చిక్కుడు చారు.

అక్కడికొచ్చిన ప్రతివాడూ మొదటివారం వణుకుతాడు, వాంతి చేసుకుంటాడు. వీడు వణకలేదు.

"ముదిరిపోయాడు. రాయి," అన్నాడు చెమా.

ఆదివారం తల్లి గేటు దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయింది. చెమా వినకుండా తలుపేశాడు. ఏడ్చే తల్లులే కొడుకుల్ని చెడగొడతారని అతని సిద్ధాంతం.

వానలు మొదలయ్యాయి. ఒకనాడు కొత్తవాడు తనంతట తనే వేదికెక్కాడు.

"నా పేరు ఉలీసెస్. నేను మత్తుకి బానిసని."

వాడు అన్నీ చెప్పాడు. మిషన్, బండ, మేరీమాత మెడలోని గొలుసు, అమ్మని కొట్టిన దెబ్బలు. తేదీలతో సహా, కళ్లారా చూసినట్టు చెప్పాడు. కన్నీటిచుక్క రాలలేదు. చెమా లేచి కౌగిలించుకున్నాడు.

"ఇప్పుడు మనిషివయ్యావురా ఉలీసెస్! రేపు మీ అమ్మని పిలిపిస్తా."

తల్లి వచ్చింది. చంకలో మొక్కజొన్న రొట్టెల మూట. ఎడమచేతికి కొత్త కట్టు. కంటి కింద వాపు ఇంకా పచ్చిగానే ఉంది.

చెమా ఆవిణ్ణి అందరి ముందూ నిలబెట్టాడు.

"చూడరా, నీ చేతులు చేసిన పని! వీడిప్పుడు ఒప్పుకున్నాడమ్మా. మీ ఉలీసెస్ మీకు దక్కాడు."

ఆవిడ వాడి గడ్డం నిమిరింది. చెమా వైపు తిరిగింది.

"వీడు నా పెద్దకొడుకు, ఆ రోజు మీకు ఫోన్ చేసింది వీడే. ఉలీసెస్ చిన్నాడు, వాడింకా మా ఇంట్లోనే ఉన్నాడయ్యా."